తిరిగొచ్చిన నీలం

హిన్కె చేసే కార్డులు యంత్రానికి మింగుడుపడవు.
మూడు పొరల పువ్వు, నడిమధ్య చొక్కా గుండీ,
రేకుల కింద ఎత్తుకి నురగ ముక్క.
లేవార్డన్‌లో ఉత్తరాల మిషన్ ఒకసారి
ఆమె కవరొకటి నమిలి, నచ్చక, నేల మీద ఉమ్మేసింది.
అప్పట్నించీ వాటిని చేత్తోనే వేరు చేస్తాం.
సైకిలు సంచిలో అన్నిటికన్నా పైన పెడతాను,
కోడిగుడ్లు పెట్టినట్టు.

ఇరవై రెండేళ్లుగా ఈ కాలవగట్టు నాది.
ఎదురుగాలి కూడా నాదే.

ఆమె పుట్టినరోజుల పట్టిక
మా వైపు అందరిళ్లలో లాగే
మరుగుదొడ్డి తలుపుకి వేలాడుతుంది.
పోయినవాళ్ల పేర్లు ఎవరూ కొట్టెయ్యరు.
పక్కన పెన్సిలుతో చిన్న శిలువ గీసి
మిగతావాళ్లకి కార్డు చేస్తుంది హిన్కె.

గురువారం వంటింటి బల్ల మీద పాత గుడ్డ పరుస్తుంది.
బిస్కెట్ల రేకుడబ్బాలో రబ్బరు ముద్రలు:
అడవిబాతు, గాలిమర, ఒక కాలు అరిగిన కొంగ.
సగం ఆమె చెక్కుకున్నవే,
మొగుడి గడ్డం బ్లేడుతో,
పాత పడవ అడుగున పరిచిన లినోలియం మీద.

పంచ్ నొక్కడానికి ఇప్పుడు అరచెయ్యి చాలదు.
లేచి నిలబడి, మోచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా వేస్తుంది.
కటక్.
సీతాకోకచిలుక రాలుతుంది.
కప్పులో కాఫీ ఉలిక్కిపడుతుంది.

చెయ్యి వణకడం మొదలయ్యాక
బాతు ముద్ర రెండుసార్లు పడుతోంది, అంచుకి అంచు ఎడంగా.
పారెయ్యదు.
"ఒకటి బాతు, డౌవె.
రెండోది దాని తొందర" అంటుంది.

ఏటా అక్టోబరు మూడుకి వీట్సెకి ఒక నీలం కార్డు.
తమ్ముడు. ఆవలి గట్టున, లాకు పక్క ఇల్లు.
నాన్న పడవ అమ్మిన ఏడాది మాటలాగిపోయాయి.
ఎవరి వాటా ఎవరు తిన్నారో ఇద్దరికీ గుర్తుండి ఉండదు,
కోపం మాత్రం లెక్క తప్పలేదు.
వంతెన చుట్టి వెళ్తే పదకొండు నిమిషాలు,
గాలి ఎదురైతే పదహారు.
తలుపు సందులోంచి కవరు చూసి
వీట్సె చెయ్యి ఊపుతాడు, ఈగని తోలినట్టు.
అప్పుడు నేనూ నా ముద్ర తీస్తాను:
తిరస్కరించారు.
ఊదా సిరా.
నా ముద్ర ఎప్పుడూ వణకదు.

తిరిగొచ్చిన కార్డు చూసి హిన్కె ఏమీ అనదు.
పంచ్ కింద పెడుతుంది.
కటక్, కటక్,
జాడీ నిండా అయిదు రేకుల నీలి పువ్వులు.
మిగిలిన జల్లెడని కిటికీకి అతికిస్తుంది,
చిల్లుల్లోంచి ఆవలి గట్టు పొగ.

ఇక ఆ ఏడంతా
ఊళ్లో ఎవరికి ఏ కార్డు వెళ్లినా మూలన ఒక నీలి పువ్వు.
రొట్టెల యెల్మర్‌కి కూతురు పుడితే,
ఆల్టె మోకాలి ఆపరేషనుకి,
నా యాభయ్యో ఏటికి.
నాదాన్ని గోటితో ఊడదీసి వెనక్కి తిప్పి చూశాను.
ఆమె చేతిరాతలో ఒకే మాట చిక్కుకుని ఉంది:
దగ్గు.
నాకెప్పుడూ దగ్గు లేదు.

ఈ అక్టోబరులో వీట్సె చెయ్యి ఊపలేదు.
రెండు చేతులా బంగాళదుంపల గిన్నె.
గడప మీద పెట్టమని గడ్డంతో చూపించాడు.
పెట్టాను. కాసేపు నిలబడ్డాను కూడా.
"ఇంకేమైనా ఉందా?" అన్నాడు.
లేదన్నాను.

మర్నాడు హిన్కె గేటు దగ్గరుంది.
"రాలేదా?"
"రాలేదు."
అయిదో రోజూ అంతే.
తొమ్మిదో రోజున విసుక్కుంది.
"జాడీ ఖాళీ అయిపోయింది.
సీప్కె మనవడికి శుక్రవారం పుట్టినరోజు.
ఇప్పుడు నేను పువ్వులు దేంట్లోంచి కొయ్యను?"
తప్పంతా నాదే అయినట్టు గేటు వేసి లోపలికెళ్లిపోయింది.

సైకిలెక్కి పది గజాలు పోయానో లేదో
వెనక వంటింట్లోంచి
కటక్.

ఏ రంగు కాగితమో.